రానంటున్నావా, రాలేనంటున్నావా?

మన బడుల్లో చదువుకున్న ఎవరికైనా కంఠతా వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటుంది: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద క్లాస్.’ ఒళ్లు కాలినా కాలకున్నా, గుంతకల్లులో మేనమామ ఇంట్లో పెళ్లున్నా, సెలవు చీటీలో మాత్రం జ్వరమే. వీలుకాదని ఇంగ్లీషులో చెప్పడానికి మనకు మొదట దొరికిన మాట ఆ ‘అనేబుల్’. చాలామందికి చివరిదీ అదే అవుతోంది. డిగ్రీ చేతికొచ్చి, అనంతపురంలో బెంగళూరు బస్సెక్కి, అక్కడ ఓ ఆఫీసులో కూర్చున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. పెద్ద పెద్ద విషయాలు ఇంగ్లీషులో ఎలాగో నెట్టుకొస్తారు గానీ, ‘రాను’, ‘కాదు’, ‘నాతో కాదు’, ‘ఇష్టం లేదు’ లాంటి చిన్న మాటల దగ్గర తడబడతారు. తడబడకుండా గట్టిగా చెప్పినవాళ్లయితే పొగరుబోతులనిపించుకుంటారు.

ముడి ఎక్కడుందో మన భాషలోనే చూడాలి. ‘నేను కాఫీ తాగను’ అన్నామనుకోండి. నాకు కాఫీ అలవాటు లేదు అన్నది ఒక అర్థం. మీరిప్పుడు ఇచ్చినా ముట్టను అన్నది రెండో అర్థం. రెండింటికీ తెలుగులో ఒకటే రూపం. ‘తాగను’ అన్న క్రియలో కాలం గుర్తు లేదు. ఎప్పటినుంచో ఉన్న అలవాటు, రేపటి సంగతి, ఈ క్షణంలోని మొండితనం మూడూ అందులోనే ఇమిడిపోతాయి. వినేవాళ్లు గొంతును బట్టి, మొహాన్ని బట్టి తేల్చుకుంటారు. ఇంగ్లీషులో ఆ పని మాట్లాడేవాడే చేయాలి, అదీ నోరు తెరవకముందే. అలవాటు లేదనడానికి ‘ఐ డోంట్ డ్రింక్ కాఫీ’. ససేమిరా అనడానికి ‘ఐ వోంట్ డ్రింక్ కాఫీ’. మొదటిది సమాచారం, రెండోది పట్టుదల. కొత్తగా పరిచయమైనవాళ్ల ఇంట్లో కప్పు ముందు పెట్టగానే ‘ఐ వోంట్ డ్రింక్’ అంటే, మీ ఇంటి కాఫీ నాకక్కర్లేదు అన్నట్టుంటుంది. మనం చెప్పాలనుకున్నది మాత్రం ‘నాకు కాఫీ అలవాటు లేదండీ’ అనే.

ఇదే చిక్కు ఆఫీసులో ఎలా ముదురుతుందో చూడండి. తాడిపత్రి కుర్రాడు, బెంగళూరులో ఉద్యోగం. ఆదివారం పనుంది, అందరూ రావాలని టీమ్ లీడర్ మెసేజ్ పెట్టాడు. కుర్రాడికి ఆ రోజు ఇంట్లో తమ్ముడి నిశ్చితార్థం. ‘సార్, ఐ వోంట్ కమ్ ఆన్ సండే’ అని టైపు చేశాడు. వాడి మనసులో ఉన్నది ‘ఆదివారం నేను రాను సార్’. మన మాటతీరులో అందులో తప్పేం లేదు, పైగా ‘సార్’ అన్న మర్యాద కూడా ఉంది. చదివిన లీడరుకు మాత్రం ‘ఏం చేసుకుంటావో చేసుకో, నేను వచ్చేదే లేదు’ అన్నట్టు వినపడింది. వ్యాకరణం లెక్కన ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ లేదు. అందుకే ఏ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులోనూ దాన్ని ఎవరూ దిద్దరు.

ఆ కుర్రాడి ముందు నిజానికి నాలుగు మెట్లున్నాయి. ‘ఐ వోంట్ కమ్’ అన్నప్పుడు నిర్ణయం నాది, అడ్డం చెప్పొద్దు అన్న ధ్వని ఉంది. ‘ఐ వోంట్ బి కమింగ్’ అంటే అదే ‘వోంట్’ ఉన్నా కోపం ఉండదు. ‘బి కమింగ్’ చేరేసరికి అది నా ఇష్టాయిష్టాల మాట కాకుండా, ముందే ఖాయమైన కార్యక్రమం గురించి చెప్పినట్టవుతుంది. ‘ఐ వోంట్ బి ఏబుల్ టు కమ్’ అంటే రావాలని ఉంది గానీ కుదరదు అని. ‘ఐ కాంట్ మేక్ ఇట్ ఆన్ సండే’ అన్నది వీటన్నింటిలోకీ రోజువారీ మాట, స్నేహితుడికీ చెల్లుతుంది, మేనేజరుకూ చెల్లుతుంది. నన్నడిగితే కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ముందు నోటికి పట్టించుకోవాల్సింది ఈ నాలుగోదే. అన్నట్టు ‘వోంట్’ అంటేనే తగువు అనుకోవద్దు. ‘ఇట్ వోంట్ టేక్ లాంగ్’ అంటే ఎంతోసేపు పట్టదు అని, ‘ఐ వోంట్ బి లేట్’ అంటే ఆలస్యం చేయనని మాటివ్వడం. ఒకరు కోరిన పనికి ఎదురుగా ‘నేను’ పక్కన నిలబడి, దాని మీద ఒత్తు పడినప్పుడే అది తలెగరేస్తుంది.

ఆ పొగరు దానికి ఊరికే రాలేదు. ‘విల్’ అన్నమాటకు పాత ఇంగ్లీషులో అసలు అర్థం కోరుకోవడం. భవిష్యత్తును చెప్పే పని దానికి తర్వాత వచ్చింది. వీలునామాను ‘విల్’ అనడంలో ఆ పాత కోరిక ఇంకా బతికే ఉంది. ఒకప్పుడు దీనికి ‘వొల్’ అనే ఉచ్చారణ కూడా ఉండేది. ‘వొల్ నాట్’ కాస్తా కుదించుకుపోయి ‘వోంట్’ అయింది. ‘విల్ నాట్’ కుదిస్తే ‘విల్ంట్’ కావాలి గదా, ‘వోంట్’ ఎందుకయింది అని తల గోక్కునే పిల్లలకు జవాబు ఇదే. ‘కెన్’ది ఇంకో కథ. దాని పాత అర్థం ‘తెలియడం’, ‘ఎరిగి ఉండడం’. అంటే ‘కాంట్’ పుట్టింది తెలియకపోవడంలోంచి, ‘వోంట్’ పుట్టింది కోరుకోకపోవడంలోంచి. ఒకటి చేతకానితనం, ఒకటి అయిష్టం. పనిలో పనిగా ఇంకొకటి: ‘కుడ్’ స్పెల్లింగులో ఎల్ ఎందుకుందో ఎవరికీ అర్థం కాదు. ‘వుడ్’, ‘షుడ్’లలో పుట్టుకతోనే ఎల్ ఉంది, వాటిని చూసి దీనికీ తగిలించారు. డిక్టేషన్‌లో ఆ ఎల్ మరిచిపోయి మార్కులు పోగొట్టుకున్న పిల్లల తప్పేమీ లేదు.

మరి నోరు తెరవకముందే ఏది ఏదో తేల్చుకోవడం ఎలా? పుస్తకాల తెలుగు ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. మన ఇంటి మాట ఉపయోగపడుతుంది. అనంతపురం పల్లెల్లో ‘రేపు వచ్చేకి కాదన్నా’ అంటారు. వీలులేక రావడం లేదని అందులో స్పష్టంగా ఉంది. ‘నేను రానప్పా’ అంటే నా మాట నేను చెప్పేశానని. ‘నేను వచ్చేదే లేదు పో’ అంటే తలుపు వేసేసినట్టే. ఏకంగా మూడు అరలు. ‘వచ్చేకి కాదు’ అని నోటికొస్తే ‘కాంట్’ లేదా ‘వోంట్ బి ఏబుల్ టు’. ‘రానప్పా’ అని వస్తే కాసేపు ఆగి, నేను సంగతి చెబుతున్నానా, ఎదురు తిరుగుతున్నానా అని చూసుకోవాలి. సంగతే అయితే ‘వోంట్ బి కమింగ్’. ‘వచ్చేదే లేదు’ అని వస్తే అప్పుడు ‘ఐ వోంట్’ అని నిశ్చింతగా అనండి, అది పుట్టిందే అందుకు. ఈ ‘-ఏకి కాదు’ వాడుక పక్కనున్న కన్నడంతో బాగా కలుస్తుంది. కన్నడిగులు ‘బరోకె ఆగల్ల’ అని వీలుకాకపోవడాన్నీ, ‘బరల్ల’ అని రాకపోవడాన్నీ విడదీసే చెబుతారు. మన యాసను బడిలో మాన్పించడానికి పడే పాట్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి పనికొచ్చే పనిముట్టును చేతిలోంచి లాక్కుని, గ్రాంథికం అంచుల్లో నిలిచిన తెలుగు చేతికిస్తున్నాం.

ఇక ‘రాదు’ సంగతి. ‘నాకు ఈత రాదు’, ‘నాకు కారు నడపడం రాదు’, ‘నాకు ఇంగ్లీషు రాదు’. మనకు విద్యలు వస్తాయి, రాకపోతాయి. దీన్ని ఇంగ్లీషులోకి దించేటప్పుడు ‘ఐ డోంట్ నో స్విమ్మింగ్’ అనేస్తాం. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లకు మాత్రం కాస్త వింతగా ఉంటుంది. ‘ఐ కాంట్ స్విమ్’ అంటే చాలు. నేర్చుకోలేదన్న సంగతి నొక్కాలనుకుంటే ‘ఐ డోంట్ నో హౌ టు స్విమ్’. ‘కెన్’కు పాత అర్థం తెలియడమే కాబట్టి ఈ రెండూ మూలంలో ఒకచోటే కలుస్తాయి.

ఇక్కడే మన ప్రాంతంలో, ఆ మాటకొస్తే తెలుగునాడంతటా, తరచుగా వినపడే వాక్యం ఒకటుంది: ‘ఐ కాంట్ ఏబుల్ టు కమ్.’ ‘కాంట్’ ఒక్కటే ఆ పని చేసేస్తుంది, దాని వెనకే నేరుగా క్రియ రావాలి: ‘ఐ కాంట్ కమ్.’ ‘ఏబుల్’ క్రియ కాదు, విశేషణం. దానికి ముందు ‘యామ్’, ‘ఈజ్’, ‘వాజ్’, ‘బి’ ఏదో ఒకటి ఉండాల్సిందే: ‘ఐ యామ్ నాట్ ఏబుల్ టు కమ్.’ రెండూ కలిపి కొట్టడం ఆ సెలవు చీటీ చలవే అని నా అనుమానం. చీటీలో నేర్చిన ‘అనేబుల్ టు’ తల్లో ఉంది, మాట్లాడటంలో నేర్చిన ‘కాంట్’ నాలుక మీద ఉంది, రెండూ దారిలో గుద్దుకుంటాయి. ‘అనేబుల్’ కాగితానికి బాగుంటుంది, ఫోనులో స్నేహితుడితో అంటే దరఖాస్తు చదివినట్టుంటుంది.

జరిగిపోయిన వాటి దగ్గరకు వస్తే తెలుగే మనల్ని బోల్తా కొట్టిస్తుంది. ‘మా అవ్వ నడవలేదు.’ ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. అవ్వ నడిచే స్థితిలో లేదు అనా, ఈ రోజు నడవలేదు అనా? తాత విషయంలో ఈ గొడవ లేదు. చేతకాకపోతే ‘నడవలేడు’, జరగకపోతే ‘నడవలేదు’. అవ్వ దగ్గరికి వచ్చేసరికి రెండు రూపాలూ ఒకటైపోతాయి. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. అవ్వను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, తెలుగు రాని డాక్టరు ముందు మనవడు ‘షి డిడంట్ వాక్’ అంటే, ఇవాళ నడవలేదేమో అనుకుని ఆయన ముందుకు పోతాడు. ఆర్నెల్లుగా కాళ్లు కదలడం లేదన్నది చెప్పాలంటే ‘షి కాంట్ వాక్’ అనాలి. ‘షి హ్యాజంట్ బీన్ ఏబుల్ టు వాక్ ఫర్ సిక్స్ మంత్స్’ అంటే ఎప్పటినుంచో కూడా తేలిపోతుంది. నొప్పి భయంతో అడుగు వేయనంటోందనుకోండి, అప్పుడు ‘షి వోంట్ వాక్, షి ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ ద పెయిన్’. డాక్టరుకు ఈ మూడు వాక్యాలూ మూడు వేర్వేరు సంగతులు.

గతంలోనూ ఈ మూడూ ఇలాగే నిలబడతాయి. ‘రాలేదు’కు ‘డిడంట్ కమ్’. ‘రాలేకపోయాడు’కు ‘కుడంట్ కమ్’. ‘రానన్నాడు’కు ‘వుడంట్ కమ్’. మూడోది మనవాళ్ల నోట అసలు వినపడదు. ‘ఎంత చెప్పినా వినలేదు’ అనే మాట రోజుకు పదిసార్లు అంటాం, ఇంగ్లీషులో మాత్రం ‘హి డిడంట్ లిజన్’ అని చప్పగా తేల్చేస్తాం. ‘హి వుడంట్ లిజన్’ అంటేనే ఆ ‘ఎంత చెప్పినా’ వాక్యంలోకి వస్తుంది.

‘వోంట్’, ‘వుడంట్’ మనుషులకే కాదు, వస్తువులకూ వాడతారని చెబితే పిల్లలు నమ్మరు. ప్రాణం లేనిదానికి ఇష్టాయిష్టాలేంటి సార్ అంటారు. మన రైతును అడగండి. వోల్టేజీ లేక బోరు మోటారు తిరగకపోతే ఆయన ఏమంటాడు? ‘పొద్దున్నుంచి మొరాయిస్తా ఉంది’ అంటాడు. ఎద్దు మొరాయించినట్టే మోటారూ మొరాయిస్తుంది. ఇంగ్లీషువాడి ‘ద మోటార్ వోంట్ స్టార్ట్’ అచ్చంగా అదే. నిన్నటి సంగతి అయితే ‘ఇట్ వుడంట్ స్టార్ట్’. తలుపు తెరుచుకోకపోతే ‘ద డోర్ వోంట్ ఓపెన్’, ఫోన్ చార్జింగ్ ఎక్కకపోతే ‘మై ఫోన్ వోంట్ చార్జ్’. కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోన్ చేసినప్పుడు ‘మోటార్ ఈజ్ నాట్ స్టార్టింగ్’ అన్నా తప్పేం లేదు, పని జరుగుతుంది. కాకపోతే ‘వోంట్’లో మన విసుగు కూడా అవతలికి చేరుతుంది.

గతంలో ఇంకో చిన్న మెలిక ఉంది. చివరికి మోటారు తిరిగింది, ‘సాయంత్రానికి స్టార్ట్ చేయగలిగాను’ అని చెప్పాలి. ‘ఐ కుడ్ స్టార్ట్ ఇట్’ అనబుద్ధవుతుంది. ఒక్కసారి, ఫలానా రోజు సాధించిన పనికి ‘కుడ్’ నప్పదు, ‘ఐ వాజ్ ఏబుల్ టు స్టార్ట్ ఇట్’ లేదా ‘ఐ మేనేజ్డ్ టు స్టార్ట్ ఇట్’ అనాలి. చిన్నప్పుడు చెట్లెక్కగలిగేవాణ్ణి లాంటి పాత నేర్పులకు ‘కుడ్’ సరే. కాదని చెప్పేటప్పుడు ఈ తేడా ఏమీ లేదు, ‘కుడంట్’ రెండుచోట్లా చెల్లుతుంది.

‘కాంట్’ కనిపించిన ప్రతిచోటా చేతకానితనం వెతకొద్దు. టవర్‌క్లాక్ దగ్గర రోడ్డు మీద బండి పెట్టబోతే ‘యు కాంట్ పార్క్ హియర్’ అని ఎవరైనా అంటే, నీకు బండి ఆపడం రాదని కాదు, ఇక్కడ పెట్టకూడదని. అనంతపురంలో వారం రోజులుగా ఎడతెరిపి లేకుండా వాన కురుస్తోందని చెబితే ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉండే మన జిల్లా సంగతి తెలిసినవాడు ‘దట్ కాంట్ బి ట్రూ’ అంటాడు, అంటే నిజమై ఉండదని. ధర్మవరం పట్టుచీర రేటు విని ‘కొనలేను’ అనుకుంటే ‘ఐ కాంట్ బై’ కాదు, ‘ఐ కాంట్ అఫోర్డ్ ఇట్’. నవ్వు ఆగకపోతే ‘ఐ కాంట్ హెల్ప్ లాఫింగ్’. ఎవడి వాగుడో భరించలేకపోతే ‘ఐ కాంట్ స్టాండ్ ఇట్’. ఇవి వరసగా బట్టీ పట్టడం కన్నా ఒక్కోటి ఎదురైనప్పుడు గుర్తుపెట్టుకోవడమే మేలు.

ఇక అయిష్టం. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే, ఎందుకంటే ఇది వ్యాకరణంతో తేలేది కాదు. మన వైపు మొహం మీద ‘ఇష్టం లేదు’ అనడం మర్యాద కాదు. పండగపూట అత్త మూడో ఓళిగ వడ్డించబోతే ‘నాకు వద్దు’ అంటే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. ‘ఇంక తినలేనత్తా’ అంటాం. ఇష్టం లేకపోవడాన్ని చేతకాకపోవడంగా మార్చి చెప్పడమే మన మర్యాద. ఇంగ్లీషువాళ్లూ ఇదే ఎత్తు వేస్తారు: ‘ఐ కుడంట్ ఈట్ అనదర్ బైట్.’ తినలేడా? తినగలడు. ‘ఐ డోంట్ వాంట్’ అనడం మాత్రం వాళ్లకూ మొరటే. భోజనం దగ్గర ‘నో, థాంక్స్’, ‘ఐ యామ్ ఫుల్’ సరిపోతాయి.

‘ఐ డోంట్ ఫీల్ లైక్ ఈటింగ్’ అంటే తినాలనిపించడం లేదని. ‘ఐ డోంట్ ఫీల్ టు ఈట్’ అని మనవాళ్లు అంటుంటారు, ‘ఫీల్ లైక్’ వెనక ‘-ఇంగ్’ రావాలి. పదిమందిలో పాట పాడమని బలవంతపెడితే ‘ఐ వుడ్ రాదర్ నాట్’ అనండి. వద్దనే అర్థం, నొప్పించదు. ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్’ అన్నదాంట్లో భయమేమీ లేదు, ‘ఏమనుకోకండి, కుదరదు’ అని మనం మొదలుపెట్టే మాట లాంటిదే అది. ‘ఐ యామ్ నాట్ ఇంటరెస్టెడ్’ను మాత్రం లోన్ కావాలా అని ఫోన్ చేసేవాళ్లకు దాచిపెట్టుకోండి, పెళ్లికి పిలిచినవాళ్ల మీద వాడకండి. ‘నాట్ విల్లింగ్’ కూడా అంతే. ప్రమోషన్ వద్దనుకున్న టీచరు ‘నాట్ విల్లింగ్’ అని రాసిస్తే అది ఆఫీసు భాష, అక్కడ అదే సరైన మాట. స్నేహితుడు సినిమాకు పిలిస్తే ‘ఐ యామ్ నాట్ విల్లింగ్’ అంటే ఫైలు మీద సంతకం పెట్టినట్టుంటుంది.

ఇంటర్వ్యూలో ‘కెన్ యు వర్క్ నైట్ షిఫ్ట్స్?’ అని అడుగుతారు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఇలాంటి ప్రశ్న వినడానికి బెంగళూరు దాకా పోనక్కర్లేని పిల్లలూ ఉన్నారు. ‘నో, ఐ కాంట్’ అంటే వెంటనే ‘ఎందుకు’ అన్న ప్రశ్న వస్తుంది, ఆరోగ్యమో ఇంటి పరిస్థితో కారణం చెప్పాలి. కారణం లేదు, ఇష్టం లేదంతే అనుకుంటే ‘ఐ వుడ్ ప్రిఫర్ డే షిఫ్ట్స్’ అనొచ్చు. ఇది వద్దని చెప్పడమే, అయినా తలుపు కొంచెం తెరిచే ఉంచుతుంది.

అన్నింటికన్నా తీవ్రంగా అపార్థం తెచ్చేది ‘చూద్దాంలే’. ‘కుదిరితే వస్తాలేన్నా’ అని మన వైపు ఒకడన్నాడంటే, రాడని ఇద్దరికీ తెలుసు. పిలిచినవాడికి మర్యాద దక్కింది, పిలిపించుకున్నవాడికి ఇబ్బంది తప్పింది. అదే అలవాటుతో ఇంగ్లీషులో ‘ఐ విల్ ట్రై’ అంటాం. ఢిల్లీ వాడో, అమెరికా క్లయింటో దాన్ని మాటగా తీసుకుంటాడు. గురువారానికి పని అయిపోతుందని అవతలివాడు పైవాళ్లకు చెప్పేసుకుంటాడు. గురువారం వచ్చాక మనవాడు ‘ట్రై చేస్తానన్నాను గానీ చేస్తానన్లేదే’ అంటాడు. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. కాకపోతే కాదని చెప్పదలచుకున్న చోట ‘ఐ విల్ ట్రై’ వాడకండి. ‘ఐ డోంట్ థింక్ ఐ కెన్ ఫినిష్ ఇట్ బై థర్స్‌డే’ అంటే మొహమాటం చెడదు, సంగతి కూడా చేరుతుంది.

ఫోనులో మరో ప్రమాదం ఉంది. బ్రిటిష్ పద్ధతిలో ‘కాంట్’ దీర్ఘంగా పలుకుతారు, ‘కెన్’తో కలిసిపోదు. అమెరికావాళ్లు ‘క్యాంట్’ అంటారు, చివరి ‘ట్’ను సగం మింగేస్తారు. మరి ‘కెన్’కూ ‘క్యాంట్’కూ తేడా వాళ్లకెలా తెలుస్తుందంటే ఒత్తును బట్టి. ‘ఐ కెన్ కమ్’లో ‘కెన్’ వినపడీ వినపడనట్టు ‘క్న్’ అని పోయి, బరువంతా ‘కమ్’ మీద పడుతుంది. ‘ఐ క్యాంట్ కమ్’లో ‘క్యాంట్’ మీద కూడా బరువు పడుతుంది. మనం తెలుగు అలవాటు కొద్దీ ప్రతి అక్షరాన్నీ సమంగా పలుకుతాం కాబట్టి మన ‘కెన్’ కూడా వాళ్లకు ‘క్యాంట్’లా వినపడుతుంది. వస్తానన్నా రానన్నట్టే. డబ్బు, తేదీ, మందు లాంటి విషయాల్లో ‘కెనాట్’ అని పూర్తిగా అనేయండి, రాసేటప్పుడు అది ఒకే పదం. లేదా వెనకే మరో మాట జోడించండి: ‘ఐ కాంట్ మేక్ ఇట్ ఆన్ సండే, బట్ మండే ఈజ్ ఫైన్.’ అప్పుడు ‘ట్’ వినపడినా వినపడకపోయినా, ఆదివారం మీరు రారనీ సోమవారం వస్తారనీ అవతలివాడికి తెలిసిపోతుంది.